పాత సైనిక ట్రక్కుల వెనుక దీపాలు: అసలు, నకలు

పాత బండిని బాగుచేయటం వేరు, దానిని పూర్వస్థితికి తేవటం వేరు. కదలని బండిని కదిలేటట్లు చేస్తే మొదటి పని పూర్తి అయినట్లే. అది కర్మాగారం నుంచి వెలువడిన నాడు ఎట్లా ఉన్నదో మళ్ళీ అట్లాగే నిలబెట్టటం రెండవది. రెండవ ప్రపంచయుద్ధంలో పనిచేసిన సైనిక ట్రక్కులను ఈ విధంగా పునరుద్ధరించేవారు నేడు ఐరోపాలోను, అమెరికాలోను చాలామంది ఉన్నారు. ఇంజను, గేరుపెట్టె, ఇరుసులు బరువైన భాగాలు కాబట్టి ఎంత పాతబడినా ఎక్కడో ఒకచోట మిగిలి ఉంటవి. వారిని ఎక్కువగా తిప్పలు పెట్టేవి బండి వెనుక బిగించే రెండు చిన్న దీపాలు.

ఈ దీపం అరచేతిలో ఇమిడేటంతటిది. రేకుతో చేసిన డొల్ల, లోపల బల్బు, ముందు ఎర్రని అద్దం. పైకి ఇంతకంటె విశేషమేమీ కనబడదు. ఇదే ఆకారంలో కొత్తగా తయారైన నకళ్ళు బజారులో దొరుకుతవి. అవి కూడా ఎర్రగానే వెలుగుతవి. అటువంటప్పుడు అసలు దీపం కోసం నెలల తరబడి వెదకటం దేనికని ఎవరికైనా తోచవచ్చు. వెలుగు ఇవ్వటం ఆ దీపం చేసే పనులలో ఒకటి మాత్రమే. వెనుక వచ్చే డ్రైవరుకు దూరాన్ని కొలిచి చెప్పటం దాని రెండవ పని. చాలా నకళ్ళు మొదటి పని చేస్తవి గాని రెండవది చేయలేవు.

చీకటిలో ప్రయాణం

1939 సెప్టెంబరు 1వ తేదీన బ్రిటన్‌లో బ్లాకౌట్ అమలులోకి వచ్చినది. శత్రువిమానాలకు ఊళ్ళు, రోడ్లు కనబడకుండా రాత్రిపూట దీపాలన్నీ ఆర్పటమో, మరుగుపరచటమో చేయవలసి వచ్చినది. మన తీరంలోను అటువంటి చీకటి రాత్రులు ఉండినవి. 1942 ఏప్రిల్ 6న విశాఖపట్నం, కాకినాడలపై జపాను విమానాలు బాంబులు వేసినవి.

చీకటి వల్ల బాంబుల ప్రమాదం తగ్గవచ్చు గాని, రోడ్డుమీద ప్రమాదం పెరుగుతుంది. బ్రిటన్‌లో 1938లో రోడ్డు ప్రమాదాలలో 6,648 మంది మరణించినారు. 1941లో ఈ సంఖ్య 9,169కి పెరిగినది. పెట్రోలు కొరత వల్ల రోడ్లపై తిరిగే సొంత కార్లు తగ్గిన కాలంలో మరణాలు ఇంతగా పెరగటం గమనించదగినది. ఆ దేశంలో అంతకు ముందు గాని, ఆ తరువాత గాని ఏ సంవత్సరంలోను అంతమంది రోడ్లపై చనిపోలేదు.

ఒంటరిగా పోయే కారుకే ఇంత అపాయమైతే, వరుసగా నడిచే యాభై ట్రక్కుల దండుకు ఎంత అపాయమో ఊహించవచ్చు. ముందు బండికి మరీ దగ్గరగా పోతే, అది హఠాత్తుగా ఆగినప్పుడు ఢీకొనక తప్పదు. మరీ వెనుకబడితే దారి తప్పి, వెనుక వచ్చే బండ్లన్నిటినీ తప్పుదారి పట్టించవలసి వస్తుంది. కాబట్టి వెనుక దీపం నేలమీది డ్రైవరుకు కనబడాలి, ఆకాశంలోని వైమానికునికి కనబడరాదు. పైగా ముందు బండి ఎంత దూరంలో ఉన్నదో కూడా అది తెలియజేయాలి.

బ్రిటిష్ సైన్యం ఇందుకు సులభమైన ఉపాయం అవలంబించినది. బండి క్రింద, వెనుక ఇరుసు నడుమ ఉండే గుండ్రని గేరుపెట్టెకు తెల్లరంగు పూసి, దానిమీద పడేటట్లు ఒక చిన్న దీపం అమర్చినారు. వెనుక డ్రైవరుకు కనబడేది దీపం కాదు, దాని వెలుగు పడిన తెల్లని మచ్చ. బండి శరీరమే గొడుగువలె అడ్డుండటం వల్ల పైనుంచి ఏమీ కనబడదు. అమెరికా సైన్యం కనిపెట్టిన పద్ధతి ఇంతకంటె సూక్ష్మమైనది. దానిని తెలుసుకోవటానికి ఆ కాలపు ప్రసిద్ధ వాహనం ఒకదానిని తీసుకొందాం.

జి.ఎమ్.సి. ట్రక్కు

సి.సి.కె.డబ్ల్యు. అనే పేరుగల రెండున్నర టన్నుల ట్రక్కును అమెరికాలో జనరల్ మోటార్స్ సంస్థ 1941 నుంచి 1945 వరకు తయారుచేసినది. ఈ పేరులో ప్రతి అక్షరానికి అర్థమున్నది. మొదటి ‘సి’ 1941 సంవత్సరపు నమూనాకు గుర్తు. రెండవ ‘సి’ ఇంజను వెనుక డ్రైవరు గది ఉండే మామూలు అమరికను తెలుపుతుంది. ‘కె’ అంటే ముందు చక్రాలు కూడా ఇంజను బలంతో తిరుగుతవని, ‘డబ్ల్యు’ అంటే వెనుక రెండు ఇరుసులకు చోదనం ఉన్నదని అర్థం. ఈ తరగతి ట్రక్కులు 5 లక్షలకు పైగా తయారైనవి.

1944లో మిత్రసైన్యాలు ఫ్రాన్సులో వేగంగా ముందుకు సాగినప్పుడు వాటికి పెట్రోలు, మందుగుండు, ఆహారం అందించే భారం ముఖ్యంగా ఈ ట్రక్కులపై పడినది. ‘రెడ్ బాల్ ఎక్స్‌ప్రెస్’ అనే ఆ రవాణా ఏర్పాటు 1944 ఆగస్టు 25 నుంచి నవంబరు 16 వరకు రాత్రింబవళ్ళు నడిచినది. ఉచ్చదశలో సుమారు 6,000 వాహనాలు రోజుకు 12,500 టన్నుల సామగ్రిని చేరవేసినవి. డ్రైవర్లలో సుమారు నాలుగింట మూడువంతుల మంది నల్లజాతి అమెరికన్ సైనికులు. బండికీ బండికీ మధ్య 60 గజాల ఎడం ఉండాలని, గంటకు 25 మైళ్ళ వేగం మించరాదని నిబంధన. విమానాల బెడద లేని ప్రాంతాలలో వారు పూర్తి దీపాలు వెలిగించి నడిపినారు. యుద్ధరంగం దగ్గరపడిన కొద్దీ బ్లాకౌట్ దీపాలే దిక్కు.

60 గజాలు అంటే 180 అడుగులు. కటిక చీకటిలో, నిద్ర చాలని డ్రైవరు 180 అడుగుల దూరాన్ని ఎట్లా అంచనా వేయగలడు?

నాలుగు, రెండు, ఒకటి

అమెరికా సైనిక వాహనాల వెనుక దీపానికి క్రిందిభాగంలో బ్లాకౌట్ దీపం ఉంటుంది. దాని ఎర్రని అద్దంపై నల్లని ముసుగు ఉండి, ఆ ముసుగులో రెండు జతల చిన్న రంధ్రాలు ఉంటవి. సైనికులు వీటిని పిల్లికళ్ళు అన్నారు. ఒక జతలోని రంధ్రాల మధ్య ఎడం తక్కువ, జతకూ జతకూ మధ్య ఎడం ఎక్కువ. ఈ అమరికలోనే కిటుకంతా ఉన్నది.

వెనుక బండి 60 అడుగుల లోపుకు వస్తే, ఒక్కొక్క దీపంలో నాలుగు ఎర్రని చుక్కలు విడివిడిగా కనబడతవి. అంటే బండి మరీ దగ్గరైనదన్నమాట. 60 అడుగులకు, 180 అడుగులకు మధ్య ఉంటే ప్రతి జత ఒకటిగా కలిసిపోయి రెండు చుక్కలే కనబడతవి. ఇదే తగిన దూరం. 180 అడుగులు దాటితే రెండు జతలూ కలిసి ఒకే చుక్క అవుతుంది. అప్పుడు కొంచెం వేగం పెంచుకోవాలి. డ్రైవరుకు కొలబద్ద అక్కరలేదు. చుక్కలు లెక్కపెట్టగలిగితే చాలు.

అరుంధతి చెప్పే పాఠం

ఇందులోని శాస్త్రసూత్రం మనకు కొత్తది కాదు. పెళ్ళిలో వధూవరులకు అరుంధతీ నక్షత్రం చూపిస్తారు. సప్తర్షి మండలంలో వసిష్ఠునికి ప్రక్కనే మినుకుమినుకుమనే చిన్న నక్షత్రం అరుంధతి. ఈ రెండిటి మధ్య కోణదూరం సుమారు 12 నిమిషాలు. ఇక్కడ నిమిషం అంటే కాలం కాదు, డిగ్రీలో 60వ వంతు. మన జ్యోతిశ్శాస్త్రంలో దీనిని ‘కళ’ అన్నారు. మంచి చూపు గలవారికి 12 నిమిషాల ఎడం చాలు, రెండు నక్షత్రాలూ వేరువేరుగా కనబడతవి. దూరదర్శినితో చూస్తే వసిష్ఠుడు కూడా నిజానికి రెండు నక్షత్రాలని తెలుస్తుంది. ఐతే వాటి మధ్య ఎడం నిమిషంలో నాలుగవ వంతు కంటె తక్కువ. వట్టి కంటికి అవి ఎప్పుడూ ఒకటే.

రెండు బిందువులను రెండుగా గుర్తించగల ఈ శక్తిని పృథక్కరణ సామర్థ్యం అంటారు. మానవనేత్రానికి మంచి వెలుతురులో ఇది సుమారు 1 నిమిషం. దీనికి కారణాలు రెండు. కనుపాప గుండా పోయే కాంతి కొద్దిగా చెదరిపోయి, బిందువుకు బదులు చిన్న బిళ్ళవంటి ప్రతిబింబం ఏర్పడటం ఒకటి. కంటి లోపలి తెరమీద కాంతిని గ్రహించే కణాల మధ్య కొంత ఎడం ఉండటం రెండవది. రెండు ప్రతిబింబాలు ఒకదానిమీద ఒకటి పడితే మెదడు వాటిని ఒకటిగానే ఎంచుతుంది.

ఇప్పుడు చిన్న లెక్క వేసి చూద్దాం. ఒక వస్తువును దాని పొడవుకు సుమారు 3,438 రెట్ల దూరంనుంచి చూస్తే అది 1 నిమిషం కోణం చేస్తుంది. 180 అడుగులు అంటే సుమారు 55 మీటర్లు. దీనిని 3,438తో భాగిస్తే 16 మిల్లీమీటర్లు వస్తుంది. 60 అడుగులకు అదే లెక్కన 5 మిల్లీమీటర్లకు కొంచెం పైన వస్తుంది. రాత్రిపూట మసక వెలుగులో, అలసిన కంటికి, ఈ పరిమితి రెండు మూడింతలు కావచ్చు. అప్పుడు ఎడం కూడా ఆ మేరకు పెంచవలసి ఉంటుంది. ఏ పరిమితి తీసుకొన్నా ఒక నిష్పత్తి మాత్రం మారదు. 180 అడుగులు 60 అడుగులకు మూడు రెట్లు కాబట్టి, జతల మధ్య ఎడం జతలోని రంధ్రాల మధ్య ఎడానికి దాదాపు మూడు రెట్లు ఉండాలి.

ఈ సంగతి ఇంటివద్దనే పరీక్షించి చూడవచ్చు. ఒక అట్టముక్కలో 5 మిల్లీమీటర్ల ఎడంతో రెండు సన్నని రంధ్రాలు చేయాలి. వాటికి 15 మిల్లీమీటర్ల దూరంలో అటువంటివే మరి రెండు చేయాలి. అట్టకు ఎర్రని పల్చటి కాగితం అంటించి, వెనుక టార్చిలైటు పెట్టి, చీకటిలో వెనక్కు నడుస్తూ చూస్తే నాలుగు చుక్కలు రెండై, రెండు ఒకటి కావటం కనబడుతుంది. ఏ దూరంలో కలుస్తవో కొలిస్తే చూసేవారి పృథక్కరణ సామర్థ్యం లెక్కకట్టవచ్చు.

ఎరుపు రంగు వల్ల మరొక లాభమున్నది. చీకటిలో చూడటానికి తోడ్పడే కణాలు ఎర్రని కాంతికి చాలా తక్కువగా స్పందిస్తవి. అందుచేత డ్రైవరు గంటల తరబడి ఎర్రని చుక్కలను చూస్తున్నా, చీకటికి అలవాటుపడిన అతని చూపు చెడదు.

ఎడమది వేరు, కుడిది వేరు

పునరుద్ధరించేవారు తరచు పొరబడే విషయం మరొకటి ఉన్నది. చూడటానికి కవలలవలె ఉన్నా ఈ ట్రక్కు వెనుక దీపాలు రెండూ ఒకటి కావు. ఎడమ దీపం పైభాగంలో మామూలు వెనుక దీపం, బ్రేకు దీపం కలిసి ఉంటవి. క్రిందిభాగంలో బ్లాకౌట్ దీపం ఉంటుంది. కుడి దీపం పైభాగంలో ఉండేది బ్లాకౌట్‌లో వాడే మసక బ్రేకు దీపం. క్రింద ఎడమదానివలెనే బ్లాకౌట్ దీపం. పూర్తి వెలుగునిచ్చే బ్రేకు దీపం బండికి ఒక్కటే, అది ఎడమవైపుననే ఉంటుంది. రెండువైపులా ఎడమ దీపాలే బిగిస్తే చూపుకు నిండుగా ఉండవచ్చు గాని, అది ఆనాటి బండి కాదు.

డ్రైవరు ముందున్న స్విచ్చి కూడా ఈ ఏర్పాటులో భాగమే. బ్లాకౌట్ స్థానం వరకు దానిని తేలికగా లాగవచ్చు. అక్కడనుంచి పూర్తి దీపాలకు పోవాలంటే ప్రక్కనున్న మీటను కూడా నొక్కాలి. చీకటిలో చేయి పొరబడి పూర్తి దీపాలు వెలిగితే దండుమొత్తం శత్రువు కంట పడుతుంది. ఆ ఒక్క పొరపాటు జరగకుండా ఈ మీట పెట్టినారు.

ఆరు వోల్టుల చిక్కు

జి.ఎమ్.సి. ట్రక్కు విద్యుత్తు 6 వోల్టులది. యుద్ధం తరువాత వచ్చిన అమెరికా సైనిక వాహనాలలో 24 వోల్టులు ప్రమాణమైనది. ఆ తరువాతి కాలపు దీపాలు కూడా పిల్లికళ్ళు గలవే, ఆకారంలో పాతవాటికి దగ్గరగా ఉంటవి, పరిమాణంలో కొంత పెద్దవి. పాత సామగ్రి అమ్మేచోట ఈ రెండు తరాల దీపాలు కలిసిపోయి ఉండటం సహజం.

24 వోల్టుల బల్బును 6 వోల్టులకు కలిపితే వెలుగు నాలుగవ వంతు ఉంటుందనుకోరాదు. తంతువు వేడి తగ్గినకొద్దీ అది ఇచ్చే వెలుగు అంతకంటె ఎన్నో రెట్లు వేగంగా తగ్గిపోతుంది. వోల్టేజి సగమైతే వెలుగు సుమారు పదవవంతు, నాలుగవ వంతైతే నూరవవంతు మాత్రమే మిగులుతుంది. ఇందుకు భిన్నంగా 6 వోల్టుల బల్బుకు 24 వోల్టులు ఇస్తే అది క్షణంలో మాడిపోతుంది.

తక్కువ వోల్టేజికి మరొక లోపమున్నది. 18 వాట్ల బల్బు 6 వోల్టుల వద్ద 3 ఆంపియర్ల ప్రవాహం తీసుకొంటుంది. దాని నిరోధం 2 ఓములు. తిరుగు ప్రవాహం బండి ఇనుప చట్రం గుండా పోతుంది కాబట్టి, దీపం బిగించినచోట తుప్పు గాని రంగు గాని అడ్డుపడి అర ఓము నిరోధం కలిగినా, వోల్టేజిలో ఐదవవంతు అక్కడే పోతుంది. వెలుగు సగానికంటె తక్కువవుతుంది. అదే అర ఓము 24 వోల్టుల బండిలో ఉంటే నష్టం నూటికి సుమారు ఒకటిన్నర పాళ్ళే. కాబట్టి అసలు దీపం మసకగా వెలిగితే దానిని తప్పుపట్టేముందు, చట్రాన్ని తాకేచోట గీకి, మెరిసే ఇనుము కనబడేటట్లు చేసి చూడాలి.

అసలును గుర్తించటం

మొదట చూడవలసినది సైన్యం ప్రచురించిన మరమ్మతు గ్రంథం. ఈ ట్రక్కుకు సంబంధించినది టి.ఎమ్. 9-801. విడిభాగాల జాబితాలలో ఈ వాహనానికిచ్చిన సంఖ్య జి-508. ఏ దీపం ఎక్కడ ఉండాలో, దాని భాగసంఖ్య ఏమిటో వీటినిబట్టి తేల్చుకోవచ్చు.

రెండవది తయారీదారుని గుర్తు. సిన్సినాటి నగరపు కోర్కొరన్-బ్రౌన్ వంటి దీపాల కంపెనీలు తమ గుర్తును రేకుమీద అచ్చొత్తేవి. గుర్తును అనుకరించటం కష్టం కాదు గనుక ఇదొక్కటే చాలదు. మరలను కూడా చూడాలి. ఆ కాలపు అమెరికా మరలు అంగుళాల కొలతవి. మెట్రిక్ కొలత మర సరిగా ఇమిడితే ఆ డొల్ల తరువాతి కాలపుదని అనుమానించాలి.

మూడవది లోపలి నిర్మాణం. యుద్ధకాలపు దీపాలలో బల్బు, ప్రతిఫలకం, అద్దం కలిపి నీరు చొరకుండా మూసివేసిన ఒకే బిళ్ళగా ఉండేవి. బల్బు మాడితే బిళ్ళమొత్తం తీసి కొత్తది తొడిగేవారు. పాతవి పారవేయటమే ఆచారం కాబట్టి నేడు అవి అరుదైనవి. వెలిగే స్థితిలోనున్న బిళ్ళను తెరవటానికి ప్రయత్నించరాదు. ఒకసారి తెరిస్తే మళ్ళీ అట్లాగే మూయలేము.

నాలుగవది అన్నిటికంటె నమ్మదగినది. దీపాన్ని చీకటిలో వెలిగించి, 60 అడుగుల వద్ద, 180 అడుగుల వద్ద గుర్తులు పెట్టి నడచి చూడాలి. నాలుగు, రెండు, ఒకటి అనే వరుస ఆ దూరాల దరిదాపులలో వస్తే దాని నిర్మాణం సరియైనది. రంధ్రాల ఎడం తప్పుగా ఉన్న నకలు ఇక్కడ పట్టుబడిపోతుంది. అసలు డొల్లలో మితిమీరిన వెలుగుగల కొత్త ఎల్.ఇ.డి. బల్బు పెట్టినా ఇదే జరుగుతుంది. వెలుగు ఎక్కువైతే చుక్కలు కంటిలో వ్యాపించి, దగ్గరనుంచి చూసినా కలిసిపోతవి. కొలిచే సాధనంలో వెలుగు పరిమాణం కూడా ఒక కొలతే.

వెదికేవారికి ఒక అనుకూలత ఉన్నది. విడిభాగాలు తేలికగా అందేందుకు సైన్యం ఒకే రకం దీపాన్ని అనేక వాహనాలకు వాడినది. జీపు, డాడ్జి ట్రక్కు, వాటి వెనుక లాగే చిన్న ట్రైలర్లు కూడా ఇటువంటి దీపాలతోనే నడిచినవి. కాబట్టి జి.ఎమ్.సి. దీపం కావలసినవాడు జి.ఎమ్.సి. బండ్లవద్దనే వెదకనక్కరలేదు. శిథిలమైన ట్రైలరు వెనుక కూడా అది దొరకవచ్చు.

నేటి రోడ్డుమీద

అసలు దీపం దొరికి, ట్రక్కు పూర్వస్థితికి వచ్చిన తరువాత కూడా ఒక ప్రశ్న మిగులుతుంది. సాధ్యమైనంత తక్కువగా కనబడటం ఆ దీపానికి నియమించిన ధర్మం. గంటకు 25 మైళ్ళతో నడిచే దండులో, దానికోసమే కళ్ళు చిట్లించి చూసే డ్రైవరుకు అది చాలినది. నేటి వాహనాల వేగం దానికి మూడింతలు. వెనుక వచ్చేవాడు పిల్లికళ్ళ భాష నేర్చినవాడు కాదు. బ్రేకు దీపం ఒక్కవైపునే ఉండటం, మలుపు తిరిగేటప్పుడు సూచించే దీపాలు లేకపోవటం అతనిని మోసగించవచ్చు.

ఇందుకు తెలివైనవారు అసలు దీపాలను తీసివేయటం గాని, వాటిలో మార్పులు చేయటం గాని లేదు. రోడ్డెక్కేటప్పుడు మాత్రం ఒక పలకమీద అమర్చిన కొత్త దీపాలను ట్రక్కు వెనుక తగిలించి, వేరే తీగలతో కలుపుతారు. ప్రదర్శనస్థలం చేరగానే ఆ పలకను విప్పివేస్తారు. బండికి కొత్త రంధ్రం పెట్టవలసిన పనిలేదు, వెనుక వచ్చేవాని ప్రాణానికి ముప్పులేదు.

ఒక వస్తువు ఎందుకు అట్లా ఉన్నదో తెలియనప్పుడు దాని ఆకారాన్ని మాత్రమే కాపాడగలము. ఎర్రని అద్దం, ఆకుపచ్చ రంగు డొల్ల ఎవరైనా చేయవచ్చు. చీకటి రోడ్డుమీద ముందు బండికి 180 అడుగులు తప్పకుండా నడవటానికి వేలాదిమంది డ్రైవర్లు నమ్ముకొన్నది మాత్రం ఆ నాలుగు రంధ్రాల మధ్య ఎడాన్ని. వెనుక దీపం విషయంలో అసలు అని చెప్పదగినది ఆ ఎడమే.